క్యారేజీలో నాలుగు యాలకులు

బోర్లించిన గాజుబుడ్డి కింద వేలాడుతున్న ఇత్తడి గంట దానంతటదే మోగింది.

మెట్ల దగ్గర కుర్చీలో ఉన్న మహిళా కానిస్టేబులు ఉలిక్కిపడి లేచి ఆంజనేయ దండకం అందుకుంది. గంగబాబు గంట వైపు చూడలేదు. గదికి ఆ చివర పీట మీద తల దించుకుని కూర్చున్న పిల్ల పాదాల వైపు చూశాడు.

"ఏ కాలు?" అన్నాడు.

"ఎడం కాలి బొటనవేలండీ," అంది సత్యదుర్గ. "చెక్కల సందులోంచి నల్లదారం. రోజూ వందసార్లు మోగించమన్నారండి మాస్టారు. కాలు కదిలినట్టు పక్కన కూర్చున్నవాళ్ళకి కూడా తెలియకూడదట. రెండ్రోజులై మోగించలేదు. తప్పు చేసినట్టుంది."

"సాయంత్రానికి అరెస్టు పెట్టుకుని గంట సాధన చేస్తున్నావా?"

"ఆయ్."

మరొకడైతే నవ్వేవాడు. గంగబాబు నవ్వి ఆరేళ్ళు.

అది తాటిపాకలో ఒక కొబ్బరికాయల గొడౌను మీది గది. అందులో ఉండేది మాణిక్యం మాస్టారు. ముప్ఫై ఏళ్ళు కువైట్‌లో వంట చేసి, అక్కడ తనతో ఒకే గదిలో పడుకున్న ఈజిప్టు ముసలాయన దగ్గర మనసు చదివే ఆట నేర్చుకుని వచ్చాడు. ఆ ఆట ఇద్దరికి నేర్పుతున్నాడు. మంగళవారాలు సత్యదుర్గకి, శుక్రవారాలు రామ్మూర్తికి. మొన్న మంగళవారం మధ్యాహ్నం రెండున్నరకి ఆయన ఈ మెట్ల కింద తల పగిలి పడి ఉన్నాడు. కిటుకులన్నీ రాసుకున్న ఎర్ర అట్ట పుస్తకం మాయమైంది. అమలాపురం ఆస్పత్రిలో ఇప్పటిదాకా కళ్ళు తెరవలేదు.

తోసింది ఈ పిల్లేనని ఎస్సై వెంకటరాజు తేల్చేశాడు. నాలుగింటికి అరెస్టు కాగితం రాస్తానన్నాడు. ఇప్పుడు రెండూ నలభై.

గంగబాబు రాజోలు స్టేషన్లో హెడ్ కానిస్టేబులుగా రిటైరై, అమలాపురంలో సొంతంగా దర్యాప్తులు చేసుకుంటున్నాడు. అంజనాలు వేసేవాళ్ళన్నా, ప్రశ్నలు చెప్పేవాళ్ళన్నా అతనికి ఒళ్ళు మంట. భార్య భవానికి రొమ్ములో గడ్డ లేచినప్పుడు ఒక స్వామి కళ్ళు మూసుకుని, కరిగిపోతుందమ్మా అన్నాడు. ఆమె నమ్మింది. గడ్డ కరగలేదు. ఆమె కరిగిపోయింది.

అందుకే నిన్న పొద్దున్న, కాయలు ఒలిచే సత్తియ్య తన కూతుర్ని వెంటబెట్టుకొచ్చి మనసు చదివే విద్య సంగతి ఎత్తగానే తలుపు మూయబోయాడు. సందులోంచి ఆ పిల్ల అంది: "నాకు మనసులు చదవడం రాదండీ. చదివినట్టు నటించడం వచ్చు." మూయబోయిన తలుపు అతనే తెరిచాడు.

"మంగళవారం సంగతి చెప్పు," అన్నాడిప్పుడు. "గడియారంతో సహా చెప్పు."

"పన్నెండూ యాభైకి మాస్టారికి క్యారేజీ తెచ్చేనండి. ఒంటిగంటా పదికి వెళ్ళిపోయేను."

"మధ్యలో గొడవ. కింద పీచు ఏరే బుజ్జమ్మ విందట."

"నిజమేనండి. శనివారం రాజోల్లో నా మొదటి ఆట. ఆట చివర, ఇది విద్యేగాని మహిమ కాదు అని జనానికి చెప్పి తీరాలన్నారు. చెబితే చప్పట్లు సగానికి పడిపోతాయన్నాన్నేను. చెప్పకపోతే నువ్వు ఆటగత్తెవి కాదు, దొంగవి అన్నారు. నాకు పొడుచుకొచ్చింది. క్యారేజీ కూడా తీసుకోకుండా దిగిపోయేను."

"మళ్ళీ వచ్చావు."

"రెండూ పదికండి. క్యారేజీ ఒక వంకే. తప్పయిపోయింది మాస్టారూ అందామని వచ్చేను. కింద షట్టరు దించేసుంది. రెండు కేకలేసేను. పడుకున్నారేమో అనుకుని పోయేను."

"భోజనానికెళ్తూ ఒలుపువాళ్ళు షట్టరు దించుతారా?"

"ఎప్పుడూ దించరండి. మాస్టారు పైనే ఉంటారు కదా."

గంగబాబు జేబుపుస్తకంలో రాసుకున్నాడు. ఒంటిగంటంపావుకి కూలీలంతా భోజనానికి వెళ్ళారు. రెండున్నరకి బుజ్జమ్మ తిరిగొచ్చి షట్టరు ఎత్తింది. మధ్యలో గంటంపావు. ఆ గంటంపావులో ఎవరో వచ్చారు. పోతూ షట్టరు దించారు. ఈ పిల్ల చెప్పేది నిజమైతే, రెండూ పదికి ముందే దించారు.

"నిన్ను నమ్మేవాళ్ళెవరైనా ఉన్నారా?"

"నాన్నండి. రామ్మూర్తి గారు కూడానండి. ఇక్కడే ఫ్లెక్సీలు వేస్తారు. మంగళవారం సాయంత్రం ఆస్పత్రిలో నేను ఏడుస్తుంటే నా తలమీద చెయ్యేసి, 'పనసపొట్టు అంత కమ్మగా వండిన చెయ్యి ఇలాంటి పని చెయ్యదమ్మా, ఎక్కడైనా చెబుతాను' అన్నారు. అప్పట్నించీ మాస్టారి మంచం వదల్లేదండి. తిండీ నిద్రా అక్కడే."

"ఊఁ. నీకు వచ్చిన ఆటల్లో బాగా వచ్చిందేది?"

ఆ ప్రశ్నకి పిల్ల ముఖం విచ్చుకుంది. "మణికట్టు పట్టుకుని దాచిన వస్తువు కనిపెట్టడమండి. చోటు తెలిసిన మనిషి దాన్ని తలుచుకుంటే, అటు నడిచేటప్పుడు చెయ్యి తేలికవుద్ది. వేరే వైపు నడిస్తే బరువెక్కుద్ది. ఆ మనిషికే తెలియదు. మంత్రం ఏం లేదండి. ఓపిగ్గా వినాలి, అంతే."

"చేత్తో వినడమా?" అంటూ గంగబాబు ఆమెని అటు తిరగమని, పెన్ను మూత తీసి, ఆట సామాన్లలో ఉన్న ఒంటికన్ను గుడ్డబొమ్మ లంగా కింద దాచాడు. చెయ్యి చాపాడు.

ఆమె రెండు వేళ్ళతో మణికట్టు పట్టుకుంది. నాలుగడుగులు వేసింది. ఆగింది. మళ్ళీ ఆగింది.

"మీరు వస్తువుని తలుచుకోవట్లేదండి. చెయ్యి గుమ్మం వైపు లాగుతోంది. ఇంటికెళ్ళిపోవాలనుందా అండీ?"

గంగబాబు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఇంట్లో అతని కోసం ఎదురుచూసే మనిషి లేదు. ఆ సంగతి బుర్రకి తెలిసినట్టు చేతికి ఇంకా తెలియదేమో. "సరేలే, వచ్చు," అన్నాడు కటువుగా. బొమ్మ కిందనుంచి మూత తనే తీసుకున్నాడు.

తరవాత గది చూశాడు. మెట్లు పద్నాలుగు. ఏడో మెట్టు అంచున ఎండిన నెత్తురు. వెనకవైపు కాలవగట్టుకి దిగే ఇనపమెట్లు, దానికో రేకు తలుపు, లోపలి గడియ తీసి ఉంది. గూట్లో మూత పెట్టిన చిన్న గిన్నె. అందులో అడుగున గుప్పెడు పనసపొట్టు కూర, పులిసిపోయి, చెంచా అందులోనే ఉండి. కిటికీ కింద గోడకి ఆనించిన రెండు కంచాలు, కడిగినవి. వాటి పక్కనే సత్యదుర్గ క్యారేజీ. మూడు గిన్నెలూ కడిగి, తుడిచి, కొక్కెం పెట్టి ఉంది.

"మాస్టారు గిన్నెలు కడుగుతారా?"

"కడగరండి. ముప్ఫై ఏళ్ళు కువైట్లో కడిగేను, ఇంక ఈ జన్మకి కడగనంటారు. ఎంగిలి గిన్నెలే ఇచ్చేస్తారు. కాని ఖాళీగా ఇవ్వరు. పై గిన్నెలో పటికబెల్లం వేసిస్తారు. అదిగో, ఆ సీసాలోంచి."

సీసా నిండుగా ఉంది.

గంగబాబు కొక్కెం విప్పి పై గిన్నె మూత తీశాడు. పటికబెల్లం లేదు. గిన్నె నడుమ నాలుగు యాలకులు.

చాలాసేపు వాటినే చూశాడు. జేబుపుస్తకం తీశాడు. ఏమీ రాయకుండానే మళ్ళీ జేబులో పెట్టి, మూత మూసి, కొక్కెం వేశాడు.

మెట్ల మీద బూట్ల చప్పుడు. మనిషికన్నా ముందు యాలకుల వాసన పైకి వచ్చింది. సిగరెట్లు మానేసినప్పటినుంచి వెంకటరాజు దవడ ఊరుకోదు.

"ఏం గంగబాబు గారూ, దెయ్యాలు సాక్ష్యం చెప్పేయా?"

"మీకంటే దెయ్యాలే నయం ఎస్సై గారూ. అడిగితే దాచవు."

"మూడూ పదైంది. యాభై నిమిషాలుంది మీకు."

"షట్టరు ఎవరు దించేరు?"

"ఈవిడే. రెండూ పదికి వచ్చింది, పుస్తకం అడిగింది, ఆయనివ్వలేదు, తోసింది, షట్టరు దించి పోయింది. ఎదర టీకొట్టువాడు రెండు దాటేక కొట్టు తెరిచేడు, ఈవిడ బండి చూసేడు."

"దించి ఉన్న షట్టరు ముందు నిలబడి కేకలెయ్యడం కూడా చూసేడు. అది మీ కాగితంలో లేదు."

"నటన. నేర్చుకున్నదే అది కదండీ!"

"గొడవ ఒంటిగంటా పదికి. ఒంటిగంటంపావు నుంచి కింద పిట్ట లేదు. ఏ పోలీసునడిగినా, గొడవ వేడి మీదే, జనం పోగానే తిరిగొచ్చి తోసేసిందంటాడు. మీరొక్కరే కాదంటున్నారు. రెండూ పదికేనని పట్టుపట్టేరు. ఆ పిల్ల వెళ్ళేక కూడా మాస్టారు నిక్షేపంగా ఉన్నారని మీకెవరు చెప్పేరు?"

వెంకటరాజు దవడ ఆగింది.

"అనుభవం," అన్నాడు.

"ఎవరిది? సర్వీసులో మీకంటే ఇరవై ఏళ్ళు పెద్దవాణ్ణి. నాకు రాని అనుభవం మీకెక్కడిది?"

"మర్యాద ఇస్తున్నాను గంగబాబు గారూ. నిలబెట్టుకోండి. బయటివాళ్ళని ఇక్కడికి రానివ్వడమే తప్పు."

"దుర్గా, ఎస్సై గారి చెయ్యి పట్టుకో."

"ఏంటీ? ముద్దాయి చేత చెయ్యి పట్టించుకోవాలా నేను?"

"భయమైతే వద్దులెండి."

"భయమా? నాకా?" వెంకటరాజు సర్రున చొక్కా చెయ్యి పైకి మడిచి చాపాడు. మెట్ల దగ్గర కానిస్టేబులు చూస్తోంది. ఇక వెనక్కి తీసుకునే దారి లేదు.

సత్యదుర్గ ఒక అడుగు ముందుకు వేసి ఆగింది. తన్ను జైలుకి పంపబోయే చెయ్యి అది. ఒకసారి కళ్ళు మూసుకుని తెరిచి, మణికట్టు పట్టుకుంది.

"ఒకటే ప్రశ్న," అన్నాడు గంగబాబు. "మంగళవారం ఈ క్యారేజీ ఎక్కడ కడిగేరు?"

"నాకేం తెలుసు?"

"తెలియకపోతే చెయ్యి ఎటూ పోదు. మీకు నష్టమేమీ లేదు."

ఆమె కిటికీ వైపు అడుగు వేసింది. కంచాలున్నది అక్కడే, ఎవరైనా అటే అనుకుంటారు. రెండడుగుల్లో ఆగి వెనక్కి తిరిగింది. మెట్ల వైపు ఒక అడుగు. కాదు. గాజుబుడ్డి దాటింది. అద్దం దాటింది. ఆట సామాన్లకి అడ్డంగా కట్టిన నల్లగుడ్డ దగ్గర ఆగింది. వెంకటరాజు నుదుటి మీద చెమట పోసింది. ఆమె గుడ్డ పక్కకి లాగింది. వెనక చిన్న సిమెంటు తొట్టి, చెంబు, అరిగిపోయిన పీచు ముక్క. గదిలో ఎక్కడ నిలబడ్డా కనిపించని చోటు.

"ఇక్కడండి," అంది మెల్లగా. గెలిచిన ముఖం కాదది. "మీ చెయ్యి చల్లబడిపోయిందండి ఎస్సై గారూ. కాస్త కూర్చోండి."

కానిస్టేబుల్ని కిందకి పంపేశాడు గంగబాబు. క్యారేజీ తెచ్చి మూత తీసి, నాలుగు యాలకులూ అరచేతిలో పోసుకుని వెంకటరాజు ముందు పట్టాడు.

"మా ఇంట్లో అలమరలో ఒక సీసా ఉంది," అన్నాడు. "నువ్వు కొత్తగా రాజోలు వచ్చినప్పుడు హోటలు తిండి పడక మెలికలు తిరిగిపోయేవాడివి. మీ భవాని పిన్ని క్యారేజీ కట్టిచ్చేది. గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదని మీ అమ్మ చెప్పిందట నీకు. ఒంటిగాడి గదిలో ఏముంటుంది? జేబులో ఉన్న నాలుగు యాలకులే వేసి ఇచ్చేవాడివి. రోజూ నాలుగే. అవి ఆవిడ పాయసంలోకి కూడా వాడలేదురా. సీసాలో వేసుకుని, పిచ్చిపిల్లాడని నవ్వుకునేది. వాసన ఎప్పుడో పోయింది. నేను పారెయ్యలేదు."

వెంకటరాజు సత్యదుర్గ లేచిన పీట మీద కూలబడ్డాడు.

"బాబాయ్," అన్నాడు. ఆ పిలుపు విని ఆరేళ్ళయింది.

"ఆవిడ పోయిన రోజున నువ్వు బందోబస్తని రాలేదు. అది నేను మరిచిపోను. ఆ లెక్క వేరే. ఇప్పుడు దీని సంగతి చెప్పు."

"మా పాప నా యూనిఫాం చూస్తే మంచం కింద దూరిపోతుంది బాబాయ్. ఎనిమిదేళ్ళొచ్చేయి. మనసులో అనుకున్న రంగు చెప్పే ఆట ఒకటి ఉందని విని మాస్టారి దగ్గరికి వచ్చేను. ఎస్సై గారు గారడీ నేర్చుకుంటున్నారంటే స్టేషన్లో తలెత్తుకోగలనా? అందుకే కాలవగట్టు మీంచి, వెనక మెట్లెక్కి వచ్చేవాణ్ణి."

"మంగళవారం?"

"ఒంటిగంటా ఇరవైకి వచ్చేను. కూర్చోబెట్టి అన్నం పెట్టేరు. కూర చిన్న గిన్నెలోకి తీసి, మిగతావి కడిగేసేను. పెద్దాయన ఇంట్లో తిని చెయ్యి దులుపుకుని ఎలా పోతాను? ఒంటిగంటా యాభైకి వెనకనుంచి దిగుతుంటే, ముందు మెట్ల మీద అడుగుల చప్పుడు. మనిషిని చూడలేదు. మాస్టారి మాట వినిపించింది, రావాలి రావాలి, పనసపొట్టు కూర ఉంది, ఓ చెంచా రుచి చూడాలి అని."

సత్యదుర్గ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

"అది ఈ పిల్లే అనుకున్నావా?"

"ఎలా అనుకోను? అన్నం తింటూ ఆయన చాలా బాధపడ్డారు. నా దగ్గర నేర్చుకున్నది పట్టుకెళ్ళి ఒకరు గోదారి లంకల్లో ప్రశ్నలు చెబుతున్నారు, రోగాలకి మందు వేసుకోవద్దంటున్నారు, శనివారం స్టేజీ మీద బయటపెట్టేస్తాను అన్నారు. పేరు చెప్పలేదు. మహిమ కాదని చెప్పనని అప్పుడే దెబ్బలాడి వెళ్ళింది ఈవిడ. ఇంకెవరనుకుంటాను? కాగితం మీద పెడితే నువ్వక్కడ ఎందుకున్నావంటారు. అందుకని టీకొట్టువాడి టైము పట్టుకున్నాను."

"నీ పరువు దాచుకోడానికి సత్తియ్య కూతుర్ని లోపలెయ్యబోయావు."

వెంకటరాజు టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. గంగబాబు ఆ మాటని తేలిక చెయ్యలేదు. కొన్ని మాటల్ని మోయనివ్వాలి.

"పోలీసువి. బుర్ర పెట్టి ఆలోచించు," అన్నాడు కాసేపటికి. "కూర వండి తెచ్చింది ఈ పిల్ల. వండిన మనిషినే పిలిచి, కూర ఉంది, ఓ చెంచా రుచి చూడమంటాడా ఎవరైనా?"

వెంకటరాజు తలెత్తాడు.

"ఆ మెట్లెక్కింది ఆ కూర సంగతి తెలియని మనిషి. తిన్నాక తెలిసింది. చెంచా గిన్నెలోనే ఉంది." గంగబాబు సత్యదుర్గ వైపు తిరిగాడు. "అమ్మాయ్, ఆ రోజు నువ్వేం కూర తెచ్చావో రామ్మూర్తికి ఎవరు చెప్పేరు?"

"ఎవరూ..." అని ఆగిపోయింది. "నేను చెప్పలేదండి. పోలీసులు కూడా క్యారేజీ తెచ్చావా అన్నారుగాని, ఏం కూరని అడగలేదు. మాస్టారికేమో స్పృహే లేదు."

"కమ్మగా ఉందని కూడా చెప్పాడు. మర్యాదస్తుడు. తిన్న కూరని పొగడకుండా ఉండలేకపోయాడు."

"బాబాయ్," వెంకటరాజు పీట మీంచి లేచాడు. "ఆయన మాస్టారి మంచం పక్కనే ఉన్నాడు. దగ్గరుండి చూసుకుంటానంటే, మంచివాడని నేనే అనుమతిచ్చేను. మా కానిస్టేబుల్ని కూడా తీసేసేను."

గంగబాబు అప్పటికే ఫోను తీశాడు. ఆ వార్డు నర్సు మెర్సీ నంబరు అతనికి చూసుకోనక్కర్లేదు. భవాని చివరి నెల అంతా ఆ నంబరుకే చేశాడు. గది నిండా వినిపించేట్టు స్పీకరు నొక్కాడు. మూడూ ముప్ఫయ్యెనిమిది.

"బాబుగారూ! మీకే చేద్దామనుకుంటున్నానండి," మెర్సీ గొంతు సంబరంగా ఉంది. "మాస్టారు ఇప్పుడే కళ్ళు తెరిచేరండి! మాటింకా రాలేదు. రామ్మూర్తి గారిని చూసి ఒకటే చెయ్యి ఊపుతున్నారు. ఎంత అభిమానమో పాపం!"

సత్యదుర్గ ఫోను దగ్గరికి జరిగింది.

"రామ్మూర్తి ఎక్కడున్నాడు?"

"డాక్టరు గారు నోటితో కాస్త కాస్త నీళ్ళు పట్టొచ్చన్నారండి. పంపు నీళ్ళెందుకండీ, లేత బొండం తెస్తానని కిందకెళ్ళేరు. ఇదిగో, వచ్చేస్తున్నారు. గ్లాసులో పోయించుకుని మరీ తెస్తున్నారు."

"మెర్సీ, విను. నీ ముఖం మార్చకు, నవ్వుతూనే ఉండు. మాస్టార్ని తోసింది వాడే. ఆ గ్లాసు ఆయన నోటి దాకా పోకూడదు."

వెంకటరాజు జీపు తాళాలు తీసుకుని మెట్ల వైపు పరిగెత్తాడు. ఎంత తొక్కినా అమలాపురం అరగంట. సత్యదుర్గ కదల్లేదు. ఫోను వైపే చూస్తోంది, చేత్తో విన్నట్టు.

ఫోనులో అడుగులు దగ్గరయ్యాయి. ఎంతో మెత్తని గొంతు వినిపించింది. "కాస్త పక్కకి జరుగుతారా అమ్మా? మాస్టారికి దాహంగా ఉంది."

"ఆయ్, అలాగేనండి," అంది మెర్సీ. గొంతులో వణుకు లేదు. "మా వార్డులో ఒక పద్ధతుందండి రామ్మూర్తి గారూ. బయటనుంచి తెచ్చింది ఏదైనా తెచ్చినవాళ్ళు ముందు ఓ గుక్క తాగాలి. తమరు తాగండి."

గుటక వేసిన చప్పుడు రాలేదు.

తరవాత గ్లాసు పగిలిన చప్పుడు.